రోవన్ ఓక్: ఇల్లూ, ఇంటివాళ్ళూ

అమెరికా దక్షిణ రాష్ట్రమైన మిసిసిపీలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న పట్టణముంది. 1840లలో అక్కడ రాబర్ట్ షీగాగ్ అనే భూస్వామి గ్రీకు ఆలయాన్ని తలపించే ఎత్తైన స్తంభాలతో ఒక ఇల్లు కట్టించాడు. 1930లో నవలాకారుడు విలియం ఫాక్‌నర్ దాన్ని కొన్నాడు. అప్పటికి ఆ ఇంటికి కరెంటు లేదు, కుళాయి లేదు. దానికి ‘రోవన్ ఓక్’ అని పేరుపెట్టి, 1962లో చనిపోయేవరకు అక్కడే ఉన్నాడు. 1972లో అది మిసిసిపీ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది, నేడది మ్యూజియం. ‘ఎ ఫేబుల్’ నవల కోసం ఫాక్‌నర్ రాతగది గోడమీద వేసుకున్న ప్రణాళిక ఇప్పటికీ చెరగలేదు.

ఇదంతా యజమానుల చరిత్ర. మిగిలినవాళ్ళెక్కడ? దక్షిణాది భూస్వాముల సంపద బానిసల చాకిరీ మీద పెరిగింది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టీలు విడిగా ఉన్నాయి. వాటిలో యజమాని పేరుంటుంది. బానిస వయస్సు, ఆడో మగో, ఒంటి రంగు ఉంటాయి. బానిస పేరు మాత్రం సాధారణంగా ఉండదు.

ఈ ఖాళీ ఫాక్‌నర్‌కు తెలుసు. ‘అబ్సలం, అబ్సలం!’ (1936)లో సట్పెన్ బానిసలచేత అడవిలో భవనం కట్టిస్తాడు. అతడు కొడుకని ఒప్పుకోనివాడే ఆ వంశ పతనానికి కారణమవుతాడు. ‘గో డౌన్, మోజెస్’ (1942)లో ఐజాక్ మెకాస్లిన్ పాత ఖాతా పుస్తకాలు తిరగేస్తాడు. బానిసల కొనుగోళ్ళు, పుట్టుకలు, చావుల పొడి పద్దుల మధ్య తాత చేసిన ఘోరం బయటపడుతుంది. ఆ ఆస్తి తనకొద్దంటాడు.

ఆ పుస్తకాన్ని ఫాక్‌నర్ కరోలిన్ బార్‌కు అంకితమిచ్చాడు. ఆమె బానిసత్వంలో పుట్టింది. అతన్ని పెంచిన దాది. రోవన్ ఓక్ వెనుక చిన్న గుడిసెలో ఉండేది. 1940లో ఆమె చనిపోతే, ఇంటి ముందు గదిలో శవపేటిక ఉంచి అతడే నివాళి పలికాడు. ఆ గౌరవంలో కపటం లేదు. అయినా ఆమె సమాధిరాయి మీద చెక్కించింది మాత్రం, తెల్లబిడ్డలు ఆమెను దీవిస్తున్నారనే మాట. ఆమె కన్నబిడ్డల ఊసు అందులో లేదు. నల్లవారి సమానత్వం కోసం పోరాడేవారిని కాస్త ఆగమని 1956లో పత్రికాముఖంగా కోరిందీ ఈ రచయితే.

కనుక ఫాక్‌నర్‌ను చదివే విద్యార్థి రెండింటినీ చూడాలి. పద్దు పుస్తకంలో మనుషులను గుర్తించిన నవలా అతనిదే, యజమాని వైపునుంచే మాట్లాడిన సమాధిరాయీ అతనిదే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని దాచే విమర్శ, పేర్లు లేని ఆ పట్టీలాగే సగం లెక్క మాత్రమే చెబుతుంది.