మూత్రంలో 'గ్రావెల్' - ఈ మాట ఎక్కడిది?



గ్రావెల్ అనగానే మనకు రోడ్డు పనులకు లారీల్లో తెచ్చి పోసే ఎర్రమట్టి, రాళ్లు గుర్తుకొస్తాయి. కాని పాత ఇంగ్లీషు వైద్యంలో ఇది ఒక జబ్బు పేరు. మూత్రంలో ఇసుక పలుకుల్లా పడే చిన్న రాళ్లను గ్రావెల్ అనేవారు.

పాత ఫ్రెంచి భాషలో ఇసుక తీరాన్ని 'గ్రేవ్' అనేవారు. దానినుండి వచ్చినదే గ్రావెల్. సమాధి అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటకు, దీనికి చుట్టరికం లేదు, భయపడవద్దు!

మన దేశపు వైద్యులూ ఇలాగే పేరు పెట్టారు. సుశ్రుత సంహితలో మూత్రపు రాయి 'అశ్మరి'. అది పలుకులైతే 'శర్కర'. శర్కర అంటే ఇసుక పలుకు, గులకరాయి. చూడటానికి అలాగే ఉంటుంది కనుక పంచదారకూ ఆ పేరే వచ్చింది. మన చక్కెర, ఇంగ్లీషువారి షుగర్ అందులోనుండి పుట్టినవే. అయితే షుగరు జబ్బు వేరు, ఇది వేరు. పంచదార మానేసినంత మాత్రాన రాళ్లు కరగవు.

నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి, అందులోని లవణాలు పలుకులు కడతాయి. ఎండలో పనిచేసేవారు మరీ జాగ్రత్తపడాలి. రోజుకు 2 నుండి 2.5 లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగమని మేము చెబుతాము. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టరుగారిని అడిగి తాగాలి. చిన్న పలుకులు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. పడినదాన్ని పారేయక పొట్లం కట్టి తీసుకురండి, పరీక్షలో ఏ రకం రాయో తెలుస్తుంది.

నడుము నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా తెల్లవారేదాకా ఆగకండి. రాయి అడ్డుపడిన కిడ్నీలో చీము చేరితే ప్రాణాపాయం. రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి రండి.