ఫెమ్టోసెకను కాలంలో అయస్కాంతం: 'స్పిన్' అనే పదం

మియాపూర్, గచ్చిబౌలి, హైటెక్ సిటీ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ పరిశ్రమ నిత్యం సృష్టించే సమాచారంలో గణనీయమైన భాగం చివరికి చేరేది హార్డ్‌డిస్కుల మీది సూక్ష్మ అయస్కాంత ప్రాంతాలలోకే. అయస్కాంత దిశల ద్వారానే అక్కడ 0, 1 అంకెలు నమోదవుతాయి. ఒక దిశను అయస్కాంత క్షేత్రంతో మార్చడానికి ఇంచుమించు ఒక నానోసెకను, అంటే సెకనులో వందకోట్లవ వంతు, పడుతుంది. అంతకంటె వేగంగా మార్చడం సాధ్యమా అన్న ప్రశ్నను అతివేగ స్పిన్ గతిశాస్త్రం పరిశీలిస్తున్నది. మియాపూర్ ఉన్న శేరిలింగంపల్లి పరిధిలోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గోపన్‌పల్లిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ కేంద్రం ఉన్నాయి. ఈ శాస్త్రానికి పనిముట్టయిన ఫెమ్టోసెకను లేజరు రెండుచోట్లా పనిచేస్తున్నది. కనుక ఈ విషయాన్ని తెలుగులో చెప్పుకోవడం దూరపు ముచ్చట కాదు.

భాస్కరాచార్యుని సిద్ధాంతశిరోమణి గణనలో అతిసూక్ష్మ కాలమానమైన త్రుటి సెకనులో సుమారు 33,750వ వంతు. ఒక త్రుటిలో దాదాపు 3,000 కోట్ల ఫెమ్టోసెకన్లు ఇముడుతాయి. ఇంత స్వల్పకాలాన్ని ఏ గడియారమూ కొలవలేదు. అందువల్ల కాలాన్ని దూరంగా మార్చి కొలుస్తారు. ఒక లేజరు స్పందన లోహాన్ని తాకుతుంది. రెండవది కొంత ఆలస్యంగా వచ్చి దాని అయస్కాంత స్థితిని చదువుతుంది. రెండవ కిరణం దారిలోని అద్దాన్ని 15 మైక్రోమీటర్లు వెనక్కి జరిపితే, రానూపోనూ దూరం 30 మైక్రోమీటర్లు పెరిగి, 100 ఫెమ్టోసెకన్ల ఆలస్యం వస్తుంది. అయస్కాంతం నుండి పరావర్తనం చెందిన కాంతి ధ్రువణతలం స్వల్పంగా తిరుగుతుందని జాన్ కెర్ 19వ శతాబ్దిలోనే కనుగొన్నాడు. చదవడానికి ఆధారం అదే.

1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో బోర్‌పేర్, బీగో బృందం పలుచని నికెల్ పొరపై 60 ఫెమ్టోసెకన్ల స్పందనను ప్రయోగించింది. ఒక పికోసెకను లోపలే అయస్కాంతీకరణ బాగా పడిపోయింది. స్పిన్‌లు తమ శక్తిని స్ఫటిక జాలకంతో పంచుకోవడానికి పదుల, వందల పికోసెకన్లు పడుతుందన్నది అప్పటి అంచనా. లేజరు శక్తిని ముందుగా గ్రహించేవి ఎలక్ట్రాన్లు. ఆపైన స్పిన్‌లు, జాలకం వేడెక్కుతాయి. ఈ మూడింటికీ వేర్వేరు ఉష్ణోగ్రతలుంటాయని భావించి ఆ బృందం ఫలితాన్ని వివరించింది.

శక్తి లెక్క కుదిరినా చిక్కు తీరలేదు. అయస్కాంతత్వం తగ్గితే ఆ మేరకు కోణీయ ద్రవ్యవేగం మరొక చోటికి చేరాలి. ఎక్కడికి? 2022లో జర్మనీలోని కాన్‌స్టాన్స్ పరిశోధకులు ఎలక్ట్రాన్ వివర్తనంతో నికెల్ స్ఫటికాన్ని పరిశీలించి, కొన్ని వందల ఫెమ్టోసెకన్లలోనే పరమాణువులు చిన్నచిన్న వృత్తాలలో కదులుతున్నట్లు ఆధారాలు చూపారు.

పరిభాష ఇబ్బంది పెట్టేది సరిగ్గా ఇక్కడే. 'స్పిన్'ను 'భ్రమణం' అంటే పై ఫలితం "భ్రమణం భ్రమణంగా మారింది" అన్న అర్థరహిత వాక్యమవుతుంది. ఎలక్ట్రాన్ బొంగరంలా తిరగదు. స్పిన్ దానికి స్వతస్సిద్ధమైన కోణీయ ద్రవ్యవేగం. పరమాణువులు మాత్రం నిజంగానే వృత్తంలో కదులుతాయి. సంస్కృత సమాసం మీది మమకారంతో ఈ భేదాన్ని చెరిపివేయడం విద్యార్థికి అన్యాయమే. 'స్పిన్'ను అలాగే ఉంచి, పరమాణువుల కదలికను 'వర్తుల కంపనం' అనడం మేలు. 2007లో నెదర్లాండ్స్‌లోని నైమెహన్ బృందం గాడోలినియం, ఇనుము, కోబాల్ట్ మిశ్రమలోహంలో అయస్కాంత క్షేత్రం లేకుండా, 40 ఫెమ్టోసెకన్ల లేజరు స్పందనలతోనే అయస్కాంత దిశను తారుమారు చేసింది. దానిని కూడా 'తిప్పడం' అనకుండా 'దిశావిపర్యయం' అంటే మూడు భావాలకు మూడు పదాలు దక్కుతాయి.