మేఘమువంటి మేను

1684లో దావీదు కీర్తనలను గేలిక్ భాషలో ఛందోబద్ధముగా వెలువరించి, పిమ్మట స్కాట్లండులోని అబర్‌ఫాయిల్ గ్రామమున క్రైస్తవాచార్యుడైన రాబర్ట్ కిర్క్ పండితుడు, తన పరిసరజనులు నమ్ముచుండిన ఫెయిరీలనెడి అదృశ్యజాతి శరీరధర్మములను, ఆచారములను ప్రకృతిశాస్త్రజ్ఞునికి దగిన శ్రద్ధతో విచారించి గ్రంథస్థము గావించెను.

ఆయన వ్రాసినదానిబట్టి, ఆ జాతి మనుష్యులకును దేవదూతలకును నడిమి స్వభావము గలది. దాని దేహము ఘనీభవించిన మేఘమువలె లఘువై, రూపము మార్చుకొనజాలినదై, సంధ్యవేళ మిక్కిలి స్పష్టముగా గోచరించును. ఇట్టి సూక్ష్మశరీరమునకు స్థూలాహార మేల? కొందరు పానీయముల సారమును మాత్రమే పీల్చుదురు. మరికొందరు ధాన్యములోని సత్తువను హరింతురు. గుట్టల గర్భమున వారి గృహములు. అందు ఇంధనము లేకయే వెలుగు దీపములు. ప్రతి మూడుమాసముల కొకమారు వారు నివాసము మార్చుదురు గనుక, అదృశ్యమును జూడగల దృష్టి యున్నవారు ఆ కాలమున దారులవెంట దిరుగుటకు వెఱచెడివారట.

ఈ జాతికి అమరత్వము లేదు. దీర్ఘాయువులైనను వారికిని వివాహములు, శిశువులు, దాదులు, మరణము, అంత్యక్రియలు కలవు. తాము వసించు దేశపువారి వేషభాషలే వారివి. బాలెంతలను తమ శిశువులకు పాలిచ్చుటకై కొనిపోవుదురను విశ్వాసమును గూడ కిర్క్ పేర్కొనెను. ప్రసూతిలో తల్లులు తఱచుగా మరణించుచుండిన ఆ కాలమున, పోయినది ఎక్కడనో బ్రతికియున్నదను ఆశకు ఇది ఆధారమై యుండునని నాకు దోచుచున్నది. కావున దీనిని మూఢత్వమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు.

1692లో కిర్క్ మరణింపగా, ఆయనను ఫెయిరీలే కొనిపోయిరని స్థానికులు చెప్పుకొనిరి. గ్రంథము 1815లో గాని అచ్చుపడలేదు.