శక్తి బృందం, మాండొలిన్ శ్రీనివాస్ : రసికుల మధ్య ఒక వాదం

సంగీత రసికులు నలుగురు చేరిన చోట ఎన్నటికీ తెగని ప్రశ్నలు రెండు ఉన్నవి. ఒక విద్వాంసుని తొలినాటి సంగీతం గొప్పదా, మలినాటి సంగీతం గొప్పదా అన్నది మొదటిది. పలువురు కలసి వాయించినప్పుడు పుట్టిన సంగీతం మేలా, వారే విడివిడిగా చేసిన సంగీతం మేలా అన్నది రెండవది.

పాశ్చాత్య దేశాలలో ఈ వాదం ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీత శాఖ విషయంలో మిక్కుటంగా వినిపిస్తుంది. 1960 దశకం చివర ఇంగ్లండులో తలయెత్తిన శాఖ ఇది. మూడు నిమిషాల పాటతో తృప్తిపడక, ఇరవై నిమిషాల రచనలు చేసినారు. మన మిశ్రచాపు, ఖండచాపులను తలపించే ఏడు, అయిదు లెక్కల లయలను వాడినారు. 1967లో ఏర్పడిన జెనెసిస్ బృందం వీరిలో ప్రసిద్ధమైనది. 1975లో గాయకుడు పీటర్ గాబ్రియెల్ ఆ బృందాన్ని విడిచిపోగా, డ్రమ్ములు వాయించే ఫిల్ కాలిన్సే పాడడం మొదలుపెట్టినాడు. అప్పటివరకు ఉన్నదే అసలైన జెనెసిస్ అని కొందరు, తరువాతిదే జనరంజకమని కొందరు, గాబ్రియెల్ విడిగా చేసిన రికార్డులే అన్నిటికంటె మిన్న అని మరికొందరు ఈనాటికీ వాదిస్తూనే ఉన్నారు.

ఈ గొడవ మనకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. కాని ఇటువంటి వాదమే మన తెలుగు విద్వాంసుడు ఒకరిని గురించి కూడ జరుగుతున్నది. ఆయన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. లోకం ఆయనను మాండొలిన్ శ్రీనివాస్ అని పిలుచుకున్నది. అనంతపురం మెట్టసీమలో చిత్రావతి ఒడ్డున ఉన్న పుట్టపర్తి వారికి ఆయన చిరపరిచితులు. సత్యసాయిబాబా భక్తులు కావడంచేత ప్రశాంతి నిలయంలో ఆయన పలుమార్లు వాయించినారు.

ముందుగా బృందం కథ చెప్పుకోవలె. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఆంగ్ల గిటారు విద్వాంసుడు 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బృందాన్ని స్థాపించి, విద్యుత్ గిటారు ధ్వనితో సభలను దద్దరిల్లజేసినాడు. జాజ్ సంగీతాన్నీ రాక్ సంగీతాన్నీ కలిపిన ఆ బృందాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులు తమదిగానే భావిస్తారు. అదే కాలంలో ఆయన అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ అభ్యసించినాడు. ఆ పరిచయం ఫలించి శక్తి అనే బృందం ఏర్పడినది. ఎల్. శంకర్ వాయులీనం, జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం అందులో ప్రధానమైనవి. మెక్‌లాఫ్లిన్ విద్యుత్ గిటారును పక్కనబెట్టి, కొయ్య గిటారు చేతబట్టినాడు. దాని మెట్ల నడుమ కొయ్యను లోతుగా తొలిపించి, తంత్రిని లాగి గమకం పలికించడానికి వీలు కల్పించుకున్నాడు. తంత్రులకు అడ్డంగా మరి ఏడు అనుధ్వని తంత్రులను అమర్చుకున్నాడు.

1975లో ఒక సభలో వాయించగా ముద్రించిన తొలి రికార్డు 1976లో వెలువడినది. అందులో అంశాలు మూడే. వాటిలో ఒకటి దాదాపు అరగంట సాగుతుంది. 1977లో వచ్చిన మూడవ రికార్డు ‘నేచురల్ ఎలిమెంట్స్’ నాటికి అంశాలు చిన్నవైనవి, సంఖ్య పెరిగినది. శక్తి తొలి ఆవేశం తగ్గినదన్న మాట అప్పుడే పుట్టినది. అనగా మలినాళ్లను గురించిన వాదం ఆనాడే మొదలైనదన్నమాట. 1978 నాటికి బృందం విడిపోయినది.

విడిపోయిన పిదప ఎవరి దారి వారిది. శంకర్ పది తంత్రుల జంట వాయులీనం చేయించుకొని సొంత రికార్డులు చేసినాడు. ఇందాక చెప్పుకున్న పీటర్ గాబ్రియెల్ 1989లో వెలువరించిన ‘ప్యాషన్’ రికార్డులో కూడ ఆయన వాయులీనం వినిపిస్తుంది. జాకీర్ హుస్సేన్ 1987లో ‘మేకింగ్ మ్యూజిక్’ అనే రికార్డు చేసినాడు. అందులో హరిప్రసాద్ చౌరాసియా వేణువు, మెక్‌లాఫ్లిన్ గిటారు ఉన్నవి.

ఈ లోపల మన శ్రీనివాస్ ఏమి చేస్తున్నారు? ఆయన 1969 ఫిబ్రవరి 28న జన్మించినారు. తండ్రి సత్యనారాయణ ఇంట్లో ఉంచుకొన్న మాండొలిన్‌ను చిన్ననాడే చేతికి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదానిని తంత్రులపై పలికించేవాడు. ఈ ఒక్క విషయం శ్రీనివాస్ సంగీతం యావత్తుకు మూలకందం. మాండొలిన్ మీటితే వెంటనే అణగిపోయే వాద్యం. ఇటలీలో అది జంట తంత్రులతో గలగలలాడుతుంది. శ్రీనివాస్ జంటలను తీసివేసి ఒంటి తంత్రులు బిగించినారు, అయిదవ తంత్రిని చేర్చినారు, విద్యుత్తు సాయంతో నాదాన్ని నిలిపినారు. అప్పుడే జారు, కంపితం మొదలైన గమకాలు దానిపై సాధ్యమైనవి. చేతికి తెలిసిన పద్ధతిని విడిచి గొంతు చెప్పిన దారిని పట్టినందువల్లనే ఇది జరిగినది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవ సందర్భంలో తొమ్మిదేళ్ల బాలుడుగా తొలి కచేరీ చేసినారు. 1981లో మద్రాసు సభలలో అడుగుపెట్టినారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించునాటికి ఆయనకు పదునాలుగేళ్లే. విదేశీ వాద్యంపై కర్ణాటక సంగీతమేమిటి అని మొదట సందేహించినవారు లేకపోలేదు. అయితే మన కచేరీ వేదికపై వాయులీనం మాత్రం ఎక్కడినుండి వచ్చినది? సుమారు రెండు వందల ఏళ్లనాడు బాలుస్వామి దీక్షితులు దానిని అభ్యసించి మన సంగీతానికి అలవరచినారు. తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి ఫిడేలే అయినది. మాండొలిన్‌కు ఆ భాగ్యం శ్రీనివాస్ వల్ల కలిగినది.

శ్రీనివాస్ శాస్త్రీయ వాదనం ‘రామ శ్రీరామ’ అనే రికార్డుగా 1994లో రియల్ వరల్డ్ సంస్థ ద్వారా వెలువడినది. ఆ సంస్థ స్థాపకుడు పీటర్ గాబ్రియెలే. మరుసటి ఏడు అదే సంస్థ కెనడా గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో కలసి శ్రీనివాస్ చేసిన ‘డ్రీమ్’ను వెలువరించినది. ఒకే మనిషి, ఒకే వాద్యం, ఒకే సంస్థ. ఏడాది తేడాతో రెండు దారులు. అభిమానుల చీలికకు బీజం ఇక్కడే పడినది.

1997లో మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ పాత బృందాన్ని ‘రిమెంబర్ శక్తి’ అనే పేరుతో పునరుద్ధరించినారు. 1999లో శ్రీనివాస్ అందులో చేరినారు. ఘటవాద్య విద్వాంసుడు వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్ కంజీరతో తోడైనాడు. పిమ్మట గాయకుడు శంకర్ మహదేవన్ వచ్చినాడు. 2000లో ‘ది బిలీవర్’, 2001లో ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ వెలువడినవి. ఇక వాదం రెండు వైపులనుండి పెరిగినది.

ఒక పక్షం తొలి శక్తి అభిమానులది. వారి ఆక్షేపణ ఇది: తొలి బృందంలో కమానుతో పలికే వాయులీనం, మీటుతో పలికే గిటారు ఒకదానికొకటి ఎదురు నిలిచి వెలుగునీడలవలె ఉండేవి. రెండవ బృందంలో గిటారు, మాండొలిన్ రెండూ మీటు వాద్యాలే. పైగా మెక్‌లాఫ్లిన్ మళ్లీ విద్యుత్ గిటారు పట్టినాడు. రెండింటి నాదం దగ్గరదగ్గరగా ఉండి, ఎవరు వాయిస్తున్నారో కొత్త శ్రోతకు పోల్చుకోవడమే కష్టమవుతున్నది. కొయ్య గిటారులోని తడి, మట్టివాసన పోయినవి.

రెండవ పక్షం కర్ణాటక సంగీత రసికులది. తోడి, కల్యాణి రాగాలను గంటసేపు విస్తరించగల విద్వాంసుడు మిశ్రమ సంగీతానికై దేశాలు తిరిగినాడని, ఆ కాలమంతా కచేరీకి దక్కవలసినదని వారి బాధ.

ఈ రెంటిలోను సత్యం లేకపోలేదు. మొదటి పక్షం నాదభేదాన్ని గురించి చెప్పినది చెవికి స్పష్టంగా తెలిసేదే. అయితే ఆ పోలిక తొలి రికార్డులోని ఆశ్చర్యాన్ని తూకపురాయిగా పెట్టుకొన్నది. ఎవరూ చేయని పనిని మొదటిసారి చేసినప్పటి ఆశ్చర్యం రెండవసారి రాదు. వచ్చినదంటే అది నటన. మలినాటి సంగీతాన్ని తూచవలసిన రాయి వేరు. అది సౌఖ్యం.

దీనికి శ్రోతలు ఇంట్లోనే చేసి చూడదగిన పరీక్ష ఒకటి ఉన్నది. ‘లోటస్ ఫీట్’ అనే చిన్న రచన 1976 నాటి తొలి రికార్డులోను ఉన్నది, 2000 నాటి ‘ది బిలీవర్’లోను ఉన్నది. రెంటినీ ఒకదాని తరువాత ఒకటి వినండి. మొదటిదానిలో వాయులీనం స్వరాన్ని విడువకుండ పట్టి సాగదీస్తుంది. రెండవదానిలో మాండొలిన్‌కు ఆ వీలు లేదు. కనుక శ్రీనివాస్ స్వరాన్ని మీటి, లాగి, అది అణగే లోపల మరొక స్వరంలోకి జారుతారు. నడుమ మిగిలిన నిశ్శబ్దాన్ని తక్కినవారు నింపక అట్లే ఉండనిస్తారు. తొలి బృందంలో వేగం ఎక్కువ, మలి బృందంలో ఊపిరి ఎక్కువ. మన సంప్రదాయంలో ఒకే కృతిని విద్వాంసుడు నలబై ఏళ్లు పాడితే అది పునరుక్తి అనిపించుకోదు, మనోధర్మం అనిపించుకుంటుంది. ఆ చెవితో వింటే మలినాటి శక్తిలో క్షీణత వినబడదు.

రెండవ పక్షం బాధకు సమాధానం ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’లో కొంత దొరుకుతుంది. బంగాళరాగంలోని ‘గిరిరాజసుతాతనయ’ అనే త్యాగరాజకృతి అందులో ఉన్నది. గిటారు, తబలా, కంజీర నడుమ శంకర్ మహదేవన్ గళంలో సంస్కృత కీర్తన సాగుతుంది. దానికి శ్రీనివాస్ మాండొలిన్ తోడు. జాజ్ వినవచ్చిన శ్రోతకు త్యాగయ్యగారి పేరైనా తెలియకుండనే త్యాగయ్యగారి సంగీతం చేరినది. శ్రీనివాస్ బృందంలో చేరి కచేరీని వదలివేయలేదు. కచేరీలోనిదానిని బృందంలోకి తీసుకువెళ్లినారు. అట్లని ప్రతి మిశ్రమ ప్రయత్నమూ సఫలమైనదని చెప్పడం లేదు. ‘డ్రీమ్’లో యంత్రధ్వనుల పొగమంచు మాండొలిన్‌ను కొన్ని చోట్ల కప్పివేస్తుంది. గురువు పాటనుండి నేర్చిన గమకానికి అక్కడ చోటు తక్కువ. బృందంలో మాత్రం వినే చెవులు ఎదురుగా ఉన్నవి కనుక గమకం నిలిచినది.

వాదించేవారు ఉభయులూ మరచే మూడవ భాగం మరొకటి ఉన్నది. రికార్డులలోకి ఎక్కినది ఆయన సంగీతంలో స్వల్పభాగమే. దేవాలయాలలో, ఉత్సవాలలో, పుట్టపర్తివంటి చోట్ల వాయించినదే అధికం. ప్రశాంతి నిలయంలో సంగీతానికి టిక్కెట్టు లేదు. చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన రైతు, సముద్రాలు దాటి వచ్చిన యాత్రికుడు ఒకే నేలపై పక్కపక్కనే కూర్చుంటారు. వానకు మొగము వాచిన ఈ సీమలో వేరుసెనగ చేను ఎండినదని దిగులుపడే మనిషికి తొలి శక్తి, మలి శక్తి అన్న భేదం ఉండదు. తెలిసిన కీర్తన తంత్రిపై పలుకుతున్నదా లేదా అన్నదే ఉంటుంది. శ్రీనివాస్ వాద్యం ఈ శ్రోతకూ బెర్లిన్ శ్రోతకూ కూడ అందినది. విడి రికార్డులు, బృందం రికార్డులు అని రెండు గంపలు చేసి తూచేవారి తక్కెడలో ఈ సంగీతం పడనే పడదు.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో పరమపదించినారు. అప్పటికి ఆయన వయస్సు నలబై అయిదు. మన సంగీతంలో అది విద్వాంసుడు పరిపాకానికి వచ్చే ఈడు. నిజమైన మలినాటి సంగీతం ఆయనకు దక్కలేదు, మనకూ దక్కలేదు. ముప్పది నుండి నలబై అయిదు వరకు బృందంతో గడిపిన ఏళ్లను కొందరు లెక్కలోనుండి తీసివేస్తామంటున్నారు. వాటిని తీసివేస్తే ఆయన ప్రౌఢవయస్సులో పెద్దభాగమే పోతుంది. ఈ వాదంలో పోగొట్టుకొనేది ఏదైనా ఉన్నదంటే అది ఇదే.

శక్తి బృందం 2023లో ‘దిస్ మూమెంట్’ అనే రికార్డుతో తిరిగి వచ్చినది. మాండొలిన్ స్థానంలో గణేశ్ రాజగోపాలన్ వాయులీనం వచ్చినది. మొదటి అంశానికి ‘శ్రీనీస్ డ్రీమ్’ అని, శ్రీనివాస్ జ్ఞాపకార్థం పేరు పెట్టినారు. బంగాళరాగ కృతి అందులోనూ ఉన్నది. 2024 ఫిబ్రవరిలో ఆ రికార్డుకు గ్రామీ బహుమానం లభించినది. అదే సంవత్సరం డిసెంబరు 15న జాకీర్ హుస్సేన్ కూడ కాలధర్మం చెందినారు.

ఇప్పుడు ఆ బంగాళరాగ కృతిని 2001 రికార్డులోను, 2023 రికార్డులోను వినదలచినవారు ముందుగా ‘రామ శ్రీరామ’ వినవలసినదిగా మా సూచన. ఒంటిగా పలికిన ఆ మాండొలిన్ చెవికి అలవాటైన పిదప, బృందంలో అది ఎక్కడ ముందుకు వస్తున్నదో, ఎక్కడ ఒదిగి ఇతరులకు చోటిస్తున్నదో, 2023 నాటి రికార్డులో ఎక్కడ లేకపోయినదో ఎవరూ చెప్పనక్కరలేకుండనే తెలుస్తుంది. ఆ మీదట ఏ పక్షం వహించినా శ్రోతల ఇష్టం.