గోడకు అతికించిన గొంతు

సెలవులకు ఇండియా వెళ్తున్నారా? ఈసారి తిరుగు ప్రయాణంలో ఆవకాయ, అరిసెలతో పాటు ఒక చిన్న డబ్బాకు కూడా చోటు ఉంచండి. అటక మీదో, బీరువా అడుగునో పడి ఉన్న పాత క్యాసెట్ల డబ్బా అది. సినిమా పాటల క్యాసెట్లు వదిలేయండి, అవి ఫోన్లోనే దొరుకుతాయి. మనవాళ్ల మాటలు రికార్డు చేసినవి వెతకండి.

గల్ఫ్‌తో సంబంధం ఉన్న కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. 1980లలో ఫోన్ కాల్ అంటే నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడాల్సిన ఖరీదైన వ్యవహారం. ఉత్తరం రాయడం, చదవడం అందరికీ రాదు. అందుకే మాటలు క్యాసెట్లో నింపి, లీవు మీద ఊరెళ్లే వాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఖతర్ వెళ్లినా, మస్కట్ వెళ్లినా ‘దుబాయ్ పోయిండు’ అనే అనేవారు. పక్కింటి మామ దగ్గర నుంచి క్యాసెట్ వచ్చిందంటే వాళ్ల వాకిట్లో సగం వాడ చేరేది. జవాబు చెప్పే రోజు మాత్రం అత్త అందరినీ బయటకు పంపి తలుపు వేసుకునేది. చిక్కేమిటంటే, ఆ జవాబు అదే క్యాసెట్ మీద ఎక్కేది. కొత్త మాట ఎక్కితే పాత మాట చెరిగిపోతుంది. అందుకే ఇప్పుడు మిగిలినవి చాలా తక్కువ.

ఈ టేపును వినడానికే కాదు, చేత్తో వాయించడానికీ వాడిన కళాకారులున్నారు. 1963 మార్చిలో జర్మనీలోని వుప్పర్తాల్‌లో, గ్యాలరీ పర్నాస్‌లో, కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ ఒక ప్రదర్శన పెట్టాడు. అందులో ఒక కళాఖండం పేరు ‘ర్యాండమ్ యాక్సెస్’. టేపును ముక్కలుగా కోసి గోడకు అడ్డదిడ్డంగా అతికించాడు. టేప్‌రికార్డర్ నుంచి ఊడదీసిన హెడ్డును చూడవచ్చినవాళ్ల చేతికిచ్చాడు. దాన్ని టేపు మీద రుద్దితే స్పీకర్లో శబ్దం వస్తుంది. మెల్లగా జరిపితే బొంగురు గొంతు, వేగంగా జరిపితే కీచుగొంతు, వెనక్కి జరిపితే తిరగబడ్డ మాట. కంప్యూటర్లు చదువుకున్న మాలాంటివాళ్లకు ఆ పేరు చూస్తే నవ్వొస్తుంది. టేపు అంటే మొదటి నుంచి వరసగా చదవాల్సిందేనని కదా మాకు నేర్పింది! ఆయన ఆ వరసనే ఎత్తేశాడు. విచిత్రం, అదే ఏడాది ఆగస్టులో, అదే జర్మనీలో, బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ను లోకానికి చూపించింది.

అరబ్ ప్రపంచంలో ఈ కథ ఇంకా ముందే మొదలైంది. 1944లో కైరోలో హలీమ్ ఎల్ దబ్ అనే యువకుడు తీగ మీద రికార్డు చేసే యంత్రం అరువు తెచ్చుకుని, ‘జార్’ అనే స్త్రీల క్రతువులోని గానాన్ని రికార్డు చేశాడు. స్టూడియోలో ప్రతిధ్వనులు మార్చి, ఆ శబ్దంతో కొత్త రచన చేశాడు. 1977లో అమెరికాలో లారీ ఆండర్సన్ వయొలిన్ కమానుకు వెంట్రుకలకు బదులు రికార్డు చేసిన టేపు బిగించి, వంతెన మీద హెడ్డు పెట్టి, మాటలనే వాయించింది.

ఇదంతా మనకెందుకంటారా? ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు వాయిస్ మెసేజ్‌ను రెట్టింపు వేగంలో విని పక్కన పడేస్తారు. అరగంట క్యాసెట్ ముందు కూర్చోమంటే కూర్చోరు. అదే గోడ మీద టేపు పెట్టి, చేతికి హెడ్డు ఇస్తే వదలరు. పాత వాక్‌మన్ నుంచి హెడ్డు తీసి, దాని తీగలను షీల్డ్ ఉన్న తీగతో పొడిగించి, అదే వాక్‌మన్ ఆంప్లిఫయర్‌కు కలిపితే చాలు. క్యాసెట్లో హెడ్డుకు తగిలే వైపే గోడ మీద బయటకు ఉండాలి. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే మీటరు టేపులో 21 సెకన్ల మాట. ‘ఎట్లున్నవ్, తిన్నవా’ అన్న మాట అరచేయంత కూడా ఉండదు. అది అసలు వేగంలో వినపడాలంటే చెయ్యి ఎంత నిలకడగా జరపాలో పిల్లలు తామే పట్టుకుంటారు.

ఒక్క షరతు. ఇంటివాళ్ల అసలు క్యాసెట్‌ను కత్తిరించొద్దు. ముందు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ కాపీని వేరే క్యాసెట్ మీదకు రికార్డు చేసి, దాన్నే కోయండి. ప్లే చేసేముందు అసలు క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న పెచ్చులు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు. బూజు కనిపిస్తే ప్లే చేయకుండా అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఫైలును డబ్ల్యూఏవీగా దాచండి. గరగర తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను అసలు ఫైలు మీద వాడొద్దు, వెనకాల కూసిన కోడి కూడా దానితో పోతుంది. విమానాశ్రయంలో ఎక్స్‌రేకు భయపడక్కర్లేదు, టేపు చెరగదు. భయపడాల్సింది దోహా ఎండకు. ఆగస్టులో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది.

ఇంకో మాట. ఏళ్లతరబడి చుట్టి ఉన్న టేపులో ఒక పొర మీది శబ్దం పక్క పొరకు లీలగా అంటుకుంటుంది. వేడికి ఇది ఇంకా పెరుగుతుంది. ప్లే చేసేటప్పుడు మనిషి మాట మొదలవడానికి ఒక్క క్షణం ముందు అదే మాట దూరం నుంచి సన్నగా వినిపిస్తే కంగారుపడకండి. క్యాసెట్ చెడిపోలేదు. ఎక్కించే పని ఇక వాయిదా వేయొద్దని మాత్రం అనుకోండి.