కరణం లేని పద్దు

గుడివాడ, బందరు, దివిసీమ చుట్టుపక్కల డబ్బు తగువు ఏదైనా సరే, తీగ లాగితే చివరికి ఒక రాత దగ్గర తేలుతుంది. పొలం తగువైతే అడంగల్, అప్పు తగువైతే ప్రోనోటు, చీటీ తగువైతే పాటలు రాసుకున్న నోటుబుక్కు. రాసే చెయ్యి ఎవరిదైతే పైచేయి వారిదే. గ్రామ లెక్కలు తరతరాలుగా కరణాల గుప్పిట్లో ఉండే పద్ధతిని 1984లో రద్దు చేసిన ఎన్టీ రామారావు సొంతూరు నిమ్మకూరు ఈ ప్రాంతంలోనే ఉంది. అంతకు చాలా ముందే, 1923లో, భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1936లో ఈ ప్రాంతంలోనే పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1962లో హైదరాబాద్‌లో మార్గదర్శి చిట్‌ఫండ్ మొదలుపెట్టారు. ఇవన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగిన ప్రయత్నాలు: మన డబ్బు లెక్క ఎవరు రాయాలి, రాసేవారిని దేన్ని చూసి నమ్మాలి?

అసలు రాసేవారే అక్కర్లేదన్న జవాబు 2008 అక్టోబరు 31న వచ్చింది. అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలి నెలన్నర అయింది. సతోషి నకమోతో పేరుతో ఎవరో బిట్‌కాయిన్ అనే కంప్యూటర్ డబ్బు గురించి తొమ్మిది పేజీల పత్రం ఇంటర్నెట్‌లో పెట్టారు. 2009 జనవరి 3న దాని మొదటి బ్లాక్, అంటే మొదటి పద్దుల కట్ట, పుట్టింది. బ్రిటన్ ప్రభుత్వం బ్యాంకులను రెండోసారి ఆదుకోబోతోందన్న ఆ రోజు లండన్ టైమ్స్ శీర్షికను అందులో చెక్కారు. 2011 తర్వాత సతోషి మళ్లీ కనబడలేదు. ఆయన ఒకరో పదిమందో నేటికీ తేలలేదు.

ఆ పత్రం శూన్యంలోంచి ఊడిపడలేదు. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ పత్రాల తేదీని ఎవరూ దిద్దలేకుండా ముద్రల గొలుసు వేసే పద్ధతి కనిపెట్టారు. తర్వాత వారి సంస్థ ఆ ముద్రను వారం వారం న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో అచ్చు వేయించేది. అచ్చయిన పత్రికల ప్రతులన్నీ తెచ్చి దిద్దడం ఎవరి తరం? 1997లో ఆడమ్ బ్యాక్ స్పామ్ ఈమెయిళ్లను ఆపడానికి, కంప్యూటర్‌తో కొంత చాకిరీ చేయించే లెక్క ఒకటి తయారు చేశాడు. సతోషి ఈ రెంటినీ కలిపాడు.

ఆ కలయికలోని తెలివి ఊరి చీటీలో చూస్తే బాగా తెలుస్తుంది. పెదపారుపూడిలో ఇరవై మంది కలిసి నెలకు ఐదు వేల చొప్పున లక్ష రూపాయల చీటీ వేశారనుకోండి. డబ్బు అవసరమైనవారు తగ్గించి పాడుకుంటారు. ఒకరు 82 వేలకు పాడుకుంటే, మిగిలిన 18 వేలలో నడిపే ఆవిడ కమీషన్ పోను తక్కినది అందరికీ పంచుతారు. ఎవరు కట్టారు, ఎవరు పాడుకున్నారు, ఎవరు బాకీ అన్నదంతా ఒక్క పుస్తకంలో, అదీ ఆవిడ బీరువాలో ఉంటుంది. ఆవిడ ఐపీ పెట్టిన రోజున ఆ పుస్తకమూ మాయం.

ఇప్పుడు ఆ పుస్తకం ఇరవై మంది దగ్గరా ఉండి, ప్రతి పద్దూ అందరి పుస్తకాల్లోకీ ఎక్కుతుందనుకోండి. ఒకరు దిద్దితే పంతొమ్మిది మంది పట్టేస్తారు. ఇరవై మంది ఒకే ఊరివాళ్లు కాబట్టి ఇది సులువు. ముక్కూ మొహం తెలియని లక్షల మందిలో ఎవరి పుస్తకం అసలుదో తేల్చేదెలా?

దానికే హ్యాష్ అనే గణిత ముద్ర. ఎంత పెద్ద రాతనిచ్చినా అది అంకెలూ అక్షరాలూ కలిపి 64 గుర్తుల ముద్ర ఇస్తుంది. అదే రాతకు ఎన్నిసార్లయినా అదే ముద్ర. పెదపారుపూడి అన్న మాటలో ఒక్క దీర్ఘం తీసేసి చూడండి, ముద్ర పోలిక లేకుండా మారిపోతుంది. బిట్‌కాయిన్‌లో పద్దుల కట్టను బ్లాక్ అంటారు. ప్రతి బ్లాక్ తలమీద ముందరి బ్లాక్ ముద్ర ఉంటుంది. 2012 నాటి పద్దు ఒకటి దిద్దితే ఆ బ్లాక్ ముద్ర చెడుతుంది, దాని వెనక వచ్చినవన్నీ ఇవాళ్టి వరకూ చెడతాయి.

కొత్త బ్లాక్ రాసే హక్కు కావాలంటే దాని ముద్ర ఇప్పుడు సుమారు పంతొమ్మిది సున్నాలతో మొదలవ్వాలి. అలాంటి ముద్ర తగలాలంటే బ్లాక్‌లోని ఒక అంకెను మార్చి మార్చి కోట్లానుకోట్ల సార్లు ప్రయత్నించాలి, అడ్డదారి లేదు. దీన్నే మైనింగ్ అంటున్నాం. సుమారు పది నిమిషాలకొకరు గెలుస్తారు. గెలిచినవారికి మొదట్లో 50 బిట్‌కాయిన్లు ముట్టేవి. దాదాపు నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌కు 3.125కు వచ్చింది. మొత్తం 2.1 కోట్లకు మించి ఎప్పటికీ పుట్టవు. పాత పద్దు దిద్దాలనుకునే దొంగ ఈ చాకిరీ అంతా మళ్లీ చేయాలి, పైగా మిగతా ప్రపంచం కంటే వేగంగా చేయాలి. పదిహేనేళ్లు దాటినా ఆ పని ఎవరి వల్లా కాలేదు. దానికి మూల్యంగా ఈ మైనింగ్ యంత్రాలు ఒక దేశానికి సరిపడా కరెంటు తాగుతున్నాయి. బిట్‌కాయిన్ తరహా నాణేల్లో (వీటిని క్రిప్టో అంటారు) రెండో పెద్దదైన ఇథీరియం 2022 సెప్టెంబరులో మైనింగ్‌ను వదిలేసి కరెంటు వాడకాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుంది.

పుట్టినప్పుడు దీన్ని రోజువారీ డబ్బు అనుకున్నారు. 2010 మే 22న ఫ్లోరిడాలో ఒకాయన 10,000 బిట్‌కాయిన్లిచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. 2024 డిసెంబరులో ఒక్కో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. ధర ఇలా ఊగిసలాడే డబ్బుతో బియ్యం బస్తా కొనేదెవరు? బిట్‌కాయిన్ గొలుసు మామూలుగా సెకనుకు ఏడెనిమిది పద్దులకు మించి రాయదు. 2016లో వచ్చిన యూపీఐ 2025లో నెలకు 1,800 కోట్ల చెల్లింపులు దాటింది. కిళ్లీ కొట్టు దగ్గర క్యూఆర్ కోడ్ ఉన్న ఊళ్లో బిట్‌కాయిన్ చేయగల పని ఏమీ మిగల్లేదు. 2021లో దాన్ని చట్టబద్ధమైన డబ్బుగా ప్రకటించిన ఎల్ సాల్వడార్ కూడా, వ్యాపారులు దాన్ని తీసుకుని తీరాలన్న నిబంధనను 2025లో ఎత్తేసింది.

దేశాలు దాటించే డబ్బు సంగతి వేరు. డాలరుకు ముడిపడిన యూఎస్‌డీటీ లాంటి స్థిరనాణేలు నిమిషాల్లో ఖండాలు దాటుతాయి. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి కాబట్టి ఆ ఆకర్షణ అర్థమయ్యేదే. అయితే మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను, ఆ ఏడాది జులై నుంచి అమ్మకంపై 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో తీసేసుకోనివ్వరు. ఎవరో తెలియనివారికి నాణేలమ్మి రూపాయలు తీసుకుంటే, అవి మోసపు సొమ్మని తేలిన రోజున మీ బ్యాంకు ఖాతానే స్తంభింపజేస్తారు.

నాణేన్ని పక్కన పెట్టి, పుస్తకాన్ని మాత్రం వాడుకోవాలని మన ప్రభుత్వాలు చూశాయి. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్ సంస్థ క్రోమావేతో కలిసి భూమి రికార్డులను ఇలాంటి బ్లాక్‌ల గొలుసుకు, అంటే బ్లాక్‌చెయిన్‌కు, ఎక్కించే ప్రయోగానికి దిగింది. తెలంగాణలో టీ-చిట్స్ పేరుతో రిజిస్టరైన చిట్‌ఫండ్ల లెక్కలను ఈ దారికి తెచ్చారు. చీటీ పుస్తకం బీరువాలోంచి బయటపడటం మంచి మార్పు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. గొలుసు రాతను కాపాడుతుంది, రాసింది నిజమో కాదో చూడదు. సర్వే నంబరు తప్పుగా ఎక్కితే ఆ తప్పు కూడా అంతే భద్రంగా ఉంటుంది.

మోసగాళ్లు బతికేది సరిగ్గా ఈ సందులోనే. గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీము నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని దేశమంతా డబ్బు పోగేసింది. అక్కడ గణితం ఓడిపోలేదు, జనం మాట నమ్మి ఓడిపోయారు. ఊళ్లలో గొలుసుకట్టు స్కీములు పెట్టి బోర్డు తిప్పేసినవాళ్ల పద్ధతే, పేరు మాత్రం కొత్తది.

ఇప్పటి మోసం వాట్సాప్‌లో మొదలవుతుంది. పలకరింపు, పరిచయం, ఒక గ్రూపు, ఆ తర్వాత యాప్ లింకు. పదివేలు పెడితే తెరమీద పన్నెండు వేలు కనబడతాయి. అడగ్గానే రెండు వేలు బ్యాంకులో పడతాయి. ఆ రెండు వేలే ఎర. అది చూసి బంగారం తాకట్టు పెట్టి లక్షలు కడతారు. తెరమీద అంకె ముప్పై లక్షలకు చేరాక తీసుకోబోతే, ముందు పన్ను కట్టమంటారు. కడితే ఇంకో రుసుము. ఆ ముప్పై లక్షలు ఏ బ్లాక్‌లోనూ లేవు, మోసగాడి కంప్యూటర్లో టైపు చేసిన అంకె అది. నిజమైన క్రిప్టో బదిలీకి ఒక లావాదేవీ సంఖ్య ఉంటుంది (బిట్‌కాయిన్‌లో అది 64 గుర్తులది), దాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతికి చూసుకోవచ్చు. అది ఇవ్వనివారికి రూపాయి కూడా ఇవ్వకూడదు. ఇచ్చినంత మాత్రాన నమ్మనూ కూడదు, అది పద్దు ఉందని చెబుతుందేగానీ మనిషి మంచివాడని చెప్పదు. అవతలివైపు టైపు చేసేవాళ్లలో బాధితులూ ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెట్టి కంబోడియా తీసుకెళ్లి, ఈ పనిలో బలవంతంగా కూర్చోబెట్టిన మన యువకుల ఉదంతాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

మోసం లేకపోయినా ప్రమాదం ఉంది. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే నాణేల ఎక్స్ఛేంజి నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టోను హ్యాకర్లు దోచుకున్నారు. మన దగ్గరే దాచుకుంటే తాళం పన్నెండో ఇరవై నాలుగో మాటల వరుస. అది ఇంకెవరికీ చెప్పకుండా మనిషి పోతే ఆ సొమ్ము వారసులకు అందదు, అర్జీ పెట్టుకోవడానికి మేనేజరంటూ ఎవరూ లేరు.

ముందు ముందు ఏమవుతుంది? 2024 జనవరిలో అమెరికా బిట్‌కాయిన్‌ను నేరుగా కొని ఉంచే ఈటీఎఫ్‌లకు (షేర్లలా కొని అమ్మే నిధులకు) అనుమతి ఇచ్చింది కాబట్టి బిట్‌కాయిన్ పెద్ద పెట్టుబడిదారుల చేతుల్లో ఒక రకం ఆస్తిగా ఇంకొంతకాలం నడుస్తుంది. మన రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ఈ-రూపాయి ప్రయోగం మొదలుపెట్టింది, అందులో మళ్లీ లెక్క రాసేవారు ఉన్నారు. వేల సంఖ్యలో పుట్టిన చిన్న నాణేలు చాలావరకు ఇప్పటికే చచ్చిపోయాయి. మిగిలి తీరుతుందని నేను నమ్మేది ఆ ముద్రల గొలుసు. భూమి రికార్డు, సర్టిఫికెట్, చీటీ లెక్క ఎవరూ గుట్టుగా దిద్దలేని చోట ఉండటం ప్రజలకు దక్కాల్సిన హక్కు.

పద్దును కాపాడే యంత్రం వచ్చింది, మనిషిని తూచే యంత్రం మాత్రం రాలేదు. ఆ పని ఇంట్లోవాళ్లతో కూర్చుని మనమే చేసుకోవాలి. నష్టపోతే సిగ్గుపడి దాచకండి. ఎంత త్వరగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారకముందే బ్యాంకుల్లో ఆపించే అవకాశం అంత ఎక్కువ.