కారు సీటు క్రింది యినుము

పాత కారున్న యిండ్లలో సీట్లకు క్రొత్త తొడుగులు కుట్టించుటయం దుండు శ్రద్ధ, ఆ సీటును పట్టి నిలుపు ఇనుము విషయమున నుండుట లేదు. దశరథుని రథమునకు కడచీల యూడినపుడు కైక తన వ్రేలుంచి రథమును నిలిపెనని పెద్దలు చెప్పుదురు. అంతటి రథమునకును ఆధారము ఆ చిన్న చీలయే. కారు సీటు సంగతియు నిట్టిదే.

మేము అంబాసిడరు కారును దృష్టియం దుంచుకొని వ్రాయుచున్నాము. ఇంగ్లాండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై కలకత్తా సమీపమున ఉత్తర్‌పారాలో తయారైన యీ కారు 2014వ సంవత్సరముతో నిలిచిపోయినను, మన యూళ్లలో కొన్ని యింకను తిరుగుచునే యున్నవి. దీనికి లారీకి వలె వేరుగా చట్రము లేదు. అచ్చొత్తి అతికిన ఉక్కు రేకుల దేహమే చట్రము. సీటు పట్టాలు నేలరేకునకే బోల్టులతో బిగింపబడి యుండును. కావున రేకు చెడిన సీటు చెడినట్లే.

రేకు చెడుటకు మూలము నీరు. ముందు అద్దము చుట్టును, తలుపుల చుట్టును ఉన్న రబ్బరు ఎండి బీటలువారగా, వాననీరు లోనికి దిగి తివాసి క్రింద నిలిచిపోవును. పైకి తివాసి పొడిగానే కనబడును; క్రింద రేకు అప్పడమువలె నగును. కూర్చున్నపుడు సీటు కదలుట, బ్రేకు వేసినపుడు టక్కున చప్పుడగుట, లోపల ముక్కవాసన వచ్చుట దీనికి గురుతులు.

గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినైన ఢీకొని అరమీటరులో నాగెనేని, 20 కిలోల సీటు సుమారు 250 కిలోల బరువువలె ముందునకు లాగును. వెనుక కూర్చున్న మన బిడ్డల తాకిడియు దానిపైననే పడును. ఇంత భారమును మోయవలసినది కొలది బోల్టులును, వాని చుట్టునున్న జానెడు రేకును.

ఇక మరమ్మతు క్రమము. మొదట బ్యాటరీ తీగ విప్పవలెను. తుప్పుపట్టిన బోల్టులకు ఒక రాత్రి పలుచని నూనె పట్టించి సీటును తీయవలెను. నేలను చిన్న సుత్తితో తట్టిచూచిన, మంచి రేకు కంచువలె మ్రోగును. చెడినది మూగగా పలుకును. గట్టి రేకు వచ్చువరకు కత్తిరించి, అట్టముక్కతో కొలత తీసి, మొదటి రేకంత మందముగల ఉక్కురేకును అతుకు వేయవలెను. ఒకే ధారగా గాక విడిచి విడిచి వెల్డింగు చేసిన రేకు వంకరపోదు. బోల్టు పడుచోట క్రింద 3 మిల్లీమీటర్ల పలక వేసి నట్టును దానికే అతికించిన, భారము ఒక్క రంధ్రముపై పడక విశాలముగా పరచుకొనును. బోల్టుల తలపై 8.8 అను గురుతుండవలెను. పెట్రోలు గొట్టము, బ్రేకు గొట్టము ఆ చోట నున్నచో, వానిని తొలగింపక నిప్పు ముట్టింపరాదు.

కొందరు పనివారు తుప్పుపై పుట్టీ నింపి, రేకుముక్కను రివెట్లతో కొట్టి, నల్లరంగు పూసి పంపుదురు. మేమెరిగిన యొక యింట నిట్లు జరిగి, ఏడాది తిరుగకమున్నే సీటు మరల ఒరిగినది. నీరు వచ్చు దారి మూయలేదు. పుట్టీ మాటున తుప్పు పెరుగుచునే యుండెను.

కావున మన మడుగవలసిన మాట యొక్కటియే: రంగు వేయకముందు మాకు చూపుడు. అతుకు నాలుగంచులును కలిసినవా, పట్టాలు రెండును సమదూరమున నున్నవా, సీటును జరిపిన ప్రతి మెట్టునను కొక్కెము గట్టిగా పడుచున్నదా అని చూచుటకు స్పానరు పట్టనక్కరలేదు. ఆ పిమ్మట తుప్పు నాపు ప్రైమరు, రంగు, క్రొత్త రబ్బరు, చివర తివాసి. తొడుగు గుడ్డ యే రంగుది కావలెనో అప్పుడు తీరికగా ఆలోచించుకొందము.